కవర్డ్ బ్రిడ్జికి కుటుంబంతో వెళ్తున్నారా? ఎలా చూడాలి, ఫొటోలు ఎలా తీయాలి

పాత కవర్డ్ బ్రిడ్జి, అంటే పైకప్పూ పక్క గోడలూ ఉండే చెక్క వంతెన, చూడ్డానికి వెళ్లేవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. కారు పక్కన ఆపడం, బ్రిడ్జి ముందు నిలబడి ఒక గ్రూప్ ఫొటో, రెండు సెల్ఫీలు, పది నిమిషాలు తిరక్కుండా మళ్లీ కారెక్కి తర్వాతి బ్రిడ్జికి బయల్దేరడం. సాయంత్రానికి అయిదారు చూసేశామంటారు గానీ ఫొటోలు తీసి చూస్తే ఏది ఏ ఊళ్లోదో వాళ్లే చెప్పలేరు, అన్నిట్లోనూ ఎర్ర చెక్క గోడ, మధ్యలో నల్లటి ద్వారం. నా మాట వింటే రోజుకి రెండు చాలు. ఒక్కోదాని దగ్గర కనీసం గంటన్నర ఉండేలా పెట్టుకోండి, కెమెరా బ్యాగులోంచి తీయకముందే లోపలికి నడిచి వెళ్లి, ఆ చెక్క అంత నది మీద ఎలా నిలబడిందో చూడండి. అది అర్థమైతే ఏం ఫొటో తీయాలో ఒకరు చెప్పక్కర్లేదు.

ఏ బ్రిడ్జికి వెళ్లాలి

అమెరికాలో ఇవి ఎక్కువగా మిగిలింది పెన్సిల్వేనియాలో, అక్కడ 200కి పైనే ఉన్నాయి. వెర్మాంట్ చిన్న రాష్ట్రమైనా వంద దాకా ఉన్నాయి. ఇండియానాలో పార్క్ కౌంటీ అనే ఒక్క కౌంటీలోనే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 31. అయోవాలోని మ్యాడిసన్ కౌంటీలో ఒకప్పుడు 19 ఉంటే ఇప్పుడు ఆరు మిగిలాయి. పొడవు సంగతి చూస్తే మాత్రం ప్రపంచంలో అన్నిటికంటే పెద్దది కెనడాలో, న్యూ బ్రన్స్విక్ రాష్ట్రంలోని హార్ట్‌లాండ్‌లో ఉంది, 1,282 అడుగులు. అది 1901లో తెరిచినప్పుడు పైకప్పు లేని వంతెనే, కప్పు 1922లో వేశారు.

కుటుంబంతో వెళ్లేటప్పుడు మాత్రం పేరు, పొడవు కాకుండా ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: దాని మీద ఇంకా కార్లు తిరుగుతున్నాయా, లేదా? నాలుగైదేళ్ల పిల్లలూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ వెంట ఉంటే నడిచేవాళ్లకి మాత్రమే వదిలేసిన బ్రిడ్జి ఎంచుకోండి. మ్యాడిసన్ కౌంటీలోని రోజ్‌మన్ బ్రిడ్జి (1883) అలాంటిది. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లయితే సౌత్ యూబా రివర్ స్టేట్ పార్కులోని బ్రిడ్జ్‌పోర్ట్ బ్రిడ్జి (1862) ఉంది, చాలాకాలం మూసేసి బాగుచేశాక 2021లో మళ్లీ తెరిచారు. న్యూ హ్యాంప్‌షైర్‌లోని జాక్సన్ ఊరి బ్రిడ్జి (1876) మీద కార్లు పోతాయి గానీ నడవడానికి పక్కన విడిగా దారి ఉంది, అలాంటివీ బాగుంటాయి. ఎటూ కాని, సన్నటి రోడ్డు మీద మలుపులో ఉండే బ్రిడ్జిలు పెద్దవాళ్లం మాత్రమే వెళ్లినప్పుడు చూసుకోవచ్చు. పిల్లల్ని పట్టుకోవడానికే సరిపోతే ఇంక ఫొటో ఏం తీస్తాం.

ఫొటోలంటే ఇష్టం ఉన్నవాళ్లకి నేను తప్పకుండా చెప్పేది వెర్మాంట్‌లోని నార్త్‌ఫీల్డ్ ఫాల్స్. కాక్స్ బ్రూక్ రోడ్డు మీద కొద్ది దూరంలోనే మూడు బ్రిడ్జిలు వరసగా వస్తాయి, మొదటి దాంట్లో నిలబడితే దాని ద్వారంలోంచి రెండోది కనిపిస్తుంది. ఒక కవర్డ్ బ్రిడ్జి ఫ్రేములో ఇంకో కవర్డ్ బ్రిడ్జి అన్నమాట. ఇక్కడ కాస్త జూమ్ ఉన్న లెన్స్ వాడండి, 70 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య, అప్పుడే రెండోది దగ్గరికొచ్చినట్టు పడుతుంది. ఫోన్‌లో అయితే రెండు రెట్లో మూడు రెట్లో జూమ్ చేయండి. వైడ్‌లో తీస్తే అది చీమంత కనిపిస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి

అందరూ శరదృతువులో ఆకులు రంగు మారేటప్పుడే వెళ్తారు. వెర్మాంట్ ఉత్తర భాగంలో సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మొదటి వారం, దక్షిణాన అక్టోబర్ మధ్య, పెన్సిల్వేనియా, ఇండియానాల్లో అక్టోబర్ మధ్య నుంచి నెలాఖరు. రంగులు బాగుంటాయి, కాదనను. కానీ పార్క్ కౌంటీలో అక్టోబర్ రెండో శుక్రవారం నుంచి పది రోజులు కవర్డ్ బ్రిడ్జి పండగ జరుగుతుంది, మీకు సంత కావాలంటే అప్పుడు వెళ్లండి, బ్రిడ్జి కావాలంటే ఆ పది రోజులూ వదిలేసి వెళ్లండి. రెండూ ఒకేసారి కుదరవు. శనివారం ఉదయం ఏడింటికి ఖాళీగా ఉండే చోటే పదింటికల్లా కారు పెట్టడానికి జాగా ఉండదు.

నాకైతే ఆకులన్నీ రాలిపోయాక నవంబర్‌లో చూడటం ఇంకా ఇష్టం. చెట్లు అడ్డం లేకపోతే బ్రిడ్జి మొత్తం, రాతి కట్టడంతో సహా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కనిపిస్తుంది. మంచు పడ్డాక కూడా చాలా బాగుంటుంది, కాకపోతే కెమెరా తెల్లటి మంచుని చూసి మోసపోయి ఫొటోని బూడిద రంగుకి దింపేస్తుంది, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచుకోవాలి. వెళ్లకూడని కాలం ఒకటుంది, వెర్మాంట్‌లో మార్చి, ఏప్రిల్ నెలలు. మంచు కరిగి మట్టి రోడ్లు బురదగుంటలవుతాయి, మామూలు కార్లు కూరుకుపోతాయి.

రోజులో ఏ వేళ అనేది బ్రిడ్జి ఏ దిక్కుకి ఉందో దాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లోనే శాటిలైట్ మ్యాప్ తెరిచి చూడండి. తూర్పు పడమరలుగా ఉంటే ఒక ద్వారం మీద పొద్దున ఎండ, రెండో ద్వారం మీద సాయంత్రం ఎండ. ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దునా సాయంత్రం పక్క గోడల మీద ఎండ పడుతుంది, గోడలో సందులుంటే లోపల నేల మీద చారలు చారలుగా వెలుగు పరుచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఒక్కటి వద్దు. మబ్బు పట్టిన రోజైతే టెన్షన్ పడకండి, ఎర్ర రంగు చెక్కకీ తడి ఆకులకీ మబ్బు వెలుతురే మంచిది, ఆకాశాన్ని మాత్రం ఫ్రేములో తగ్గించండి.

బయల్దేరే ముందు

ఆ కొండల్లో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, అందుకని మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. బ్రిడ్జి పేరుతో వెతికితే సరిపోదు, మిల్ బ్రిడ్జి లాంటి పేర్లు ఊరికొకటి ఉంటాయి. దీనికి ఒక మంచి పద్ధతి ఉంది. ప్రతి కవర్డ్ బ్రిడ్జికీ మూడు భాగాల నంబరు ఉంటుంది, మొదటిది రాష్ట్రం, రెండోది కౌంటీ, మూడోది ఆ కౌంటీలో బ్రిడ్జి. రాష్ట్రం నంబరు అక్షర క్రమంలో ఇచ్చింది, న్యూ హ్యాంప్‌షైర్ 29, పెన్సిల్వేనియా 38, వెర్మాంట్ 45. ఆ నంబరుతో వెతికితే పొరపాటు పడే అవకాశం ఉండదు. అలాగే మరమ్మతుల కోసం మూసేశారేమో కూడా చూసుకోండి, వరదలకో లారీ గుద్దుకోవడానికో దెబ్బతిని నెలల తరబడి మూసి ఉండే బ్రిడ్జిలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. చాలాచోట్ల బాత్రూమ్ ఉండదు, దగ్గర్లోని ఊళ్లోనే ఆగి పిల్లల్ని తీసుకెళ్లి రండి.

కారు మీద సామాన్ల పెట్టె బిగించారా? బ్రిడ్జి ముందు ఎత్తు ఎంతో రాసిన బోర్డు ఉంటుంది, మీ కారు మొత్తం ఎత్తు ఎంతో ముందే కొలిచి పెట్టుకోండి. అద్దెకి తీసుకున్న పెద్ద వ్యాన్లు, పెట్టె లారీలు నావిగేషన్ చూపించిందని నేరుగా దూరిపోయి పైదూలాలు విరగ్గొట్టిన సంఘటనలు ఏటా జరుగుతూనే ఉన్నాయి. బరువు పరిమితి బోర్డు కూడా అంతే, అది సలహా కాదు, నియమం. చాలా బ్రిడ్జిల్లో ఒక్క వరస మాత్రమే, కాబట్టి ముందే ఆగి, లైట్లు వేసి, లోపల ఉన్న బండి బయటికొచ్చాక నెమ్మదిగా వెళ్లండి. ఫొటో కోసం లోపల కారు ఆపొద్దు. దాటేశాక, పొలం గేటుకి అడ్డం రాని చోట పెట్టండి.

ముందు లోపల చూడండి

కవర్డ్ బ్రిడ్జి అందం బయటి ఎర్ర రంగులో లేదు. బయటి పలకలన్నీ ఊడదీసినా బ్రిడ్జి నిలబడే ఉంటుంది, బరువు మోసేది లోపల రెండు పక్కలా ఉండే చెక్క చట్రం, దాన్నే ట్రస్సు అంటారు. ఆ ట్రస్సు ఎండిపోయి ఉన్నంతకాలం బ్రిడ్జి బతుకుతుంది. పైకప్పు వేసింది అందుకే. కప్పు లేని చెక్క వంతెన వానకి తడిసి, అతుకుల్లో నీళ్లు నిలిచి పది పదిహేనేళ్లలో కుళ్లిపోయేది, కప్పు ఉంటే అదే చెక్క వందేళ్లు దాటి నిలుస్తుంది. పాడైతే పై రేకులో పెంకులో మార్చుకోవచ్చు, ట్రస్సు మార్చడం మాత్రం మాటలు కాదు. దారిలో మంచు పడకుండా కప్పు వేశారని చాలామంది అనుకుంటారు, నిజానికి చలికాలంలో మంచుబండ్లు జారడానికి మనుషుల్ని పెట్టి మరీ లోపలికి మంచు ఎత్తి పోయించేవాళ్లు. ఈ ఒక్క మాట పిల్లలకి చెప్పండి, కప్పు వంక చూసే చూపే మారిపోతుంది.

ఇప్పుడు గోడల వైపు తిరగండి. మధ్యలో ఒక నిలువు దూలం, దానికి రెండు పక్కల నుంచి ఆనించిన రెండు ఏటవాలు దూలాలు, ఇలా పెద్ద త్రికోణం ఒక్కటే ఉంటే అది కింగ్‌పోస్ట్, అన్నిట్లోకీ పాతదీ సులువైనదీ, చిన్న వాగుల మీద ఉంటుంది. అలాంటి త్రికోణాల వరసకి అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొస దాకా పెద్ద విల్లులాంటి కమాను కనిపిస్తే అది బర్ ఆర్చ్. థియొడోర్ బర్ అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లో తెచ్చిన పద్ధతి, పెన్సిల్వేనియాలో, ఇండియానాలో ఎక్కడ చూసినా ఇదే. ఇంక నిలువు దూలాలే లేకుండా, వెదురు తడిక అల్లినట్టు పలకలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి దాటుకుంటూ గోడ మొత్తం గళ్లు గళ్లుగా ఉందంటే అది టౌన్ ల్యాటిస్. ఇథియల్ టౌన్ అనే ఆర్కిటెక్ట్ 1820లో పేటెంట్ తీసుకున్నాడు. పెద్ద పెద్ద దూలాలు అక్కర్లేదు, మామూలు రంపపు మిల్లులో కోసిన పలకలు చాలు, ఊళ్లో వడ్రంగులే కట్టేయొచ్చు, అందుకే అంతగా పాకిపోయింది. నిలువుగా చెక్కకి బదులు ఇనప కడ్డీలుంటే హౌ ట్రస్సు, 1840 నాటిది. ఈ నాలుగూ గుర్తుపట్టడం వస్తే చాలు, పదేళ్ల పిల్లలైతే అయిదు నిమిషాల్లో నేర్చుకుని తర్వాతి బ్రిడ్జిలో మీకంటే ముందే అరిచి చెప్తారు.

ల్యాటిస్ బ్రిడ్జి అయితే రెండు పలకలు దాటుకునే ఒక్క చోటు దగ్గర ఆగి చూడండి. ఇనప బోల్టు ఉండదు. ఓక్ చెక్కతో చేసిన లావుపాటి మేకులు రెండో మూడో నాలుగో దిగ్గొట్టి ఉంటాయి, తలలు పలక కంటే కొంచెం పైకి పొడుచుకుని, సుత్తి దెబ్బలకి అంచులు నలిగి, చేతులు తగిలి తగిలి నున్నగా నల్లబడి. పక్కనే పలక మీద వేలితో రాస్తే రంపం గీతలు తెలుస్తాయి, వంపు తిరిగి ఉంటే గుండ్రటి రంపం, తిన్నగా నిలువుగా ఉంటే అంతకు ముందు వాడిన పైకీ కిందకీ ఆడే రంపం. కొన్ని పాత వంతెనల్లో అతుకుల దగ్గర ఉలితో చెక్కిన రోమన్ అంకెలు కూడా కనిపిస్తాయి, నేల మీద జోడించి చూసుకుని మళ్లీ విప్పి నది మీద బిగించేటప్పుడు ఏ దూలం ఎక్కడికో తెలియడానికి వడ్రంగులు పెట్టుకున్న గుర్తులు. మధ్యమధ్యలో లేత రంగు చెక్క కనిపిస్తే అది తర్వాత వేసిన అతుకు. ఇవన్నీ దగ్గరగా, పక్క నుంచి వెలుగు పడేటప్పుడు ఫొటో తీయండి, ఫ్లాష్ వద్దు. బయటి ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి, ఈ ఫొటోలు మీ దగ్గర మాత్రమే ఉంటాయి.

న్యూ హ్యాంప్‌షైర్, వెర్మాంట్ మధ్య కనెక్టికట్ నది మీద ఉన్న కార్నిష్ విండ్సర్ బ్రిడ్జి (1866) గురించి కూడా చెప్పాలి. పొడవు దాదాపు 450 అడుగులు. అదే చోట అంతకు ముందు కట్టిన మూడు వంతెనలు వరదలకి పోయాక వచ్చిన నాలుగోది. ద్వారం మీద బోర్డు ఉంటుంది, గుర్రాల్ని నడిపించుకు వెళ్లండి, లేదంటే రెండు డాలర్ల జరిమానా అని. గుర్రాలు పరిగెడితే ఒకే తాళంలో పడే అడుగులకి వంతెన ఊగిపోతుందనే భయం. టోలు 1943 దాకా వసూలు చేశారు. దీన్ని న్యూ హ్యాంప్‌షైర్ వైపు గట్టు నుంచి పొద్దున్నే తీయండి, వెనకాల ఆస్కట్నీ కొండ కూడా పడుతుంది, వెలుగు మీ వెనక నుంచి వస్తుంది. ఇది నిత్యం కార్లు తిరిగే వంతెన, పిల్లల చెయ్యి వదలొద్దు.

బయటి ఫొటోలు

ద్వారానికి ఎదురుగా నడిరోడ్డు మీద నిలబడి తీసే ఫొటో అందరూ తీసేదే, తీయండి, కానీ ఒక్కటి చాలు, రోడ్డు మీద ఎక్కువసేపు ఉండటం మంచిది కాదు. తర్వాత కొంచెం పక్కకి జరిగి ద్వారమూ, ఒక పక్క గోడా రెండూ కనిపించే మూల వెతుక్కోండి, బ్రిడ్జి పొడవెంతో అప్పుడే తెలుస్తుంది. అన్నిటికంటే మంచి చోటు నీటి దగ్గర, దిగువ వైపు గట్టు మీద. ఇక్కడే జాగ్రత్త పడాలి. నది గట్లు చాలావరకు ఎవరో ఒకరి సొంత స్థలాలు. పోస్టెడ్ అనో నో ట్రెస్‌పాసింగ్ అనో బోర్డు ఉంటే దిగొద్దు. పెన్సిల్వేనియాలో, ఇండియానాలో చెట్ల మీద ఊదా రంగు గీతలు కనిపించినా అర్థం అదే, చట్టంలోనే ఉంది. పక్కనే ఇల్లుంటే వెళ్లి అడగండి. పిల్లలతో వచ్చిన కుటుంబం మర్యాదగా అడిగితే సాధారణంగా ఎవరూ కాదనరు.

వంతెన ప్రతిబింబం నీళ్లలో పడాలంటే గాలి లేని పొద్దుటి వేళ కావాలి. లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే నీళ్ల మీద మెరుపు తగ్గుతుంది, ఆకుల రంగు చిక్కబడుతుంది, కానీ ఎక్కువ తిప్పితే ఆ ప్రతిబింబం కూడా మాయమైపోతుంది, కంటితో చూస్తూ నెమ్మదిగా తిప్పి మీకు కావలసిన చోట ఆపండి. పారే నీళ్లు పాలనురగలా రావాలంటే ట్రైపాడ్ పెట్టి అర సెకను దాకా షట్టర్ తెరవండి. అంతకు మించితే నీళ్లకి ఆకారమే ఉండదు, నాకది నచ్చదు.

వైడ్ లెన్స్‌తో దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే గోడలు లోపలికి వాలిపోయినట్టు వస్తాయి. వెనక్కి వెళ్లి 35 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య తీస్తే ఈ గొడవ ఉండదు. ఇంకో సంగతి, 150 ఏళ్ల చెక్క వంతెన కొంచెం వంగో ఒరిగో ఉండటం మామూలే, దాని దూలాన్ని చూసి ఫ్రేము సరిచేస్తే నది వాలిపోతుంది. కెమెరాలోని లెవెల్‌నే నమ్మండి. వంతెన ఎంత వంగి ఉందో అంతా ఫొటోలో కనిపించనివ్వండి, అది దాని వయసు.

పెన్సిల్వేనియాలోని ల్యాంకాస్టర్ కౌంటీకి వెళ్తే ఆమిష్ వాళ్ల గుర్రపు బగ్గీలు బ్రిడ్జిలోంచి వెళ్తూ కనిపిస్తాయి. అంత మంచి ఫొటో మళ్లీ దొరకదనిపిస్తుంది, నిజమే. అయినా వాళ్ల మొహాలు ఫొటో తీయడం వాళ్లకి ఇష్టం ఉండదు, అది వాళ్ల మత విశ్వాసం. బగ్గీ దాటి దూరం వెళ్లాక వెనక నుంచి తీసుకోండి, లేదా కెమెరా దించి పిల్లలతో కలిసి ఆ గిట్టల చప్పుడు వినండి.

లోపల, మనుషులతో

లోపల చీకటి, రెండు కొసల్లో కళ్లు చెదిరే వెలుగు, ఏ కెమెరాకైనా కష్టమే. ఫోన్ అయితే వెలుగున్న ద్వారం మీద వేలు నొక్కి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది, అప్పుడు పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త కిందికి లాగండి. బయటి చెట్లు కనిపిస్తూ లోపలి దూలాలు చీకట్లో లీలగా ఉండే చోట ఆపండి. పెద్ద కెమెరా ఉంటే రా ఫార్మాట్‌లో (తర్వాత దిద్దుకోవడానికి వీలుగా వివరాలన్నీ ఉంచే ఫైలు) పెట్టి, లెన్స్ రంధ్రం ఎఫ్ 8 దగ్గర, రెండు స్టాపులు తక్కువ, మామూలు, రెండు స్టాపులు ఎక్కువ, ఇలా మూడు తీసి తర్వాత కలుపుకోండి. ట్రైపాడ్ నడిచే బ్రిడ్జిల్లో మాత్రమే వాడండి. కార్లు తిరిగే చోట అది ప్రమాదం, పైగా కారు వెళ్లిన ప్రతిసారీ నేల పలకలు అదురుతాయి, ఫొటో చెదిరిపోతుంది. కెమెరాని మోకాలి ఎత్తుకి దించి ఒక్కసారి చూడండి, నేల మీది వెలుగు చారలు ఫ్రేము నిండా వస్తాయి.

ఇంట్లోవాళ్ల ఫొటోలకి బ్రిడ్జిని మించిన చోటు లేదు, ఎందుకంటే ద్వారం దగ్గర వెలుతురు అంత మెత్తగా ఉంటుంది. అందర్నీ కప్పు కిందికి, అంచు నుంచి రెండు మూడు అడుగులు లోపలికి నిలబెట్టి, బయటికి చూడమనండి, మీరు బయట నిలబడి తీయండి. ఎండ నేరుగా మొహం మీద పడదు, ఆకాశం వెలుగు మాత్రం పడుతుంది, కళ్లు చిట్లించరు, వెనకాల అంతా చీకటిగా మారి మొహాలు ఎత్తి చూపిస్తుంది. అమ్మమ్మ, తాతయ్య ఎక్కువసేపు నిలబడలేకపోతే ఒక మడత కుర్చీ తీసుకెళ్లండి, వాళ్లని కూర్చోబెట్టి పిల్లల్ని చుట్టూ నిలబెడితే ఫొటోకి ఒక అమరిక కూడా వస్తుంది. బట్టలు పసుపో, నీలమో, తెలుపో అయితే బాగుంటాయి, ఎర్ర గోడ ముందు ఎరుపు కలిసిపోతుంది.

ఇంకొకటి దీనికి పూర్తిగా తిరగేసి తీసేది. మీరు బాగా లోపల నిలబడి, పిల్లల్ని దూరంగా ద్వారం దగ్గర పరిగెత్తమని, బయటి వెలుగుకి ఎక్స్‌పోజర్ పెట్టి, షట్టర్ 500వ వంతు సెకను పెట్టి వరసగా తీయండి. నల్లటి ఆకారాలు మాత్రమే వస్తాయి. కాళ్లూ చేతులూ విడివిడిగా కనిపించే ఒక్క ఫ్రేము ఉంటే చాలు. ఇది కార్లు రాని బ్రిడ్జిలో మాత్రమే, గుర్తుంచుకోండి.

నిలబెట్టి తీసే ఫొటోలు పిల్లలు పది నిమిషాలకి మించి భరించరు. తర్వాత వాళ్లకి పని చెప్పండి. బ్రిడ్జి ఎన్ని అడుగులుందో నడిచి కొలవమనండి, ఒక అతుకు దగ్గర ఎన్ని చెక్క మేకులున్నాయో లెక్కపెట్టమనండి, పాత ఫోన్ ఒకటి చేతికిచ్చి కప్పులో పిట్ట గూడు ఎక్కడుందో ఫొటో తీసుకురమ్మనండి. వాళ్లు తలెత్తి దూలాలు చూస్తూ ఉన్నప్పుడు, తాతయ్య చెయ్యి దూలం మీద పెట్టి చూస్తున్నప్పుడు మీరు తీసేవే ఆ రోజు మంచి ఫొటోలవుతాయి.

చేయకూడనివి

ముందు నిప్పు. ఈ వంతెనల్ని వరద కంటే, కాలం కంటే కూడా భయపెట్టేది అదే. వెస్ట్ వర్జీనియాలో 1852 నాటి ఫిలిప్పీ బ్రిడ్జి 1989లో కాలిపోయింది, మళ్లీ కట్టుకున్నారు. మ్యాడిసన్ కౌంటీలో సీడర్ బ్రిడ్జిని 2002లో ఎవరో తగలబెట్టారు, మళ్లీ కడితే 2017లో మళ్లీ తగలబెట్టారు. స్విట్జర్లాండ్‌లో లూసర్న్ ఊరి చెక్క వంతెన, 14వ శతాబ్దంలో కట్టింది, 1993లో చాలా భాగం కాలిపోయింది. అందుకే ఫొటో కోసమని రంగు పొగ గొట్టాలు, కాకరపువ్వొత్తులు, కొవ్వొత్తులు, ఉక్కు పీచు వెలిగించి గిరగిరా తిప్పే ఫొటోలు, ఇవేవీ బ్రిడ్జిలోనే కాదు, దాని చుట్టుపక్కల కూడా వద్దు. వందేళ్లు ఎండిన చెక్క అది, ఒక్క నిప్పురవ్వ చాలు. పేర్లు చెక్కడం గురించి వేరే చెప్పాలా? పిల్లలకి మాత్రం ముందే చెప్పి ఉంచండి, అక్కడ ఇప్పటికే చెక్కిన పేర్లు చూసి వాళ్లకీ చెక్కాలనిపిస్తుంది.

డ్రోన్ ఉంటే రూల్స్ చూసుకోండి. 250 గ్రాములు దాటితే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏలో రిజిస్టర్ చేయాలి, సరదాకి ఎగరేసేవాళ్లయినా ట్రస్ట్ అనే డ్రోన్ భద్రతా పరీక్ష పాసై ఉండాలి, చాలా స్టేట్ పార్కుల్లో అసలు ఎగరనివ్వరు. నదిలోకి దిగడం కూడా ఆలోచించి చేయండి, పాచి పట్టిన రాళ్ల మీద పెద్దవాళ్లే జారతారు. పైన ఎక్కడో వాన పడితే నీటిమట్టం ఇట్టే పెరుగుతుంది. 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లోని 1855 నాటి బ్లెనిమ్ బ్రిడ్జి, వెర్మాంట్‌లోని బార్టన్స్‌విల్ బ్రిడ్జి వరదకి కొట్టుకుపోయాయి. ఇప్పుడు ఆ రెండు చోట్లా ఉన్నవి తర్వాత కొత్తగా కట్టినవి.

గట్టు మీద మూడేసి ఆకులుగా ఉండే మొక్కల్ని ముట్టుకోనివ్వొద్దు, పాయిజన్ ఐవీ అయితే రోజుల తరబడి దురద, బొబ్బలు. పొడుగు గడ్డిలోకి వెళ్లేటప్పుడు నిండు ప్యాంటు, సాక్సులు వేయించండి, తిరిగి కారెక్కే ముందు పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టు మొదట్లో టిక్ పురుగులు (చర్మానికి అంటుకుని రక్తం పీల్చేవి) ఉన్నాయేమో చూడండి. లైమ్ జబ్బు తెచ్చేవి గసగసాలంత చిన్నగా కూడా ఉంటాయి. ఇంటికెళ్లాక స్నానం చేయిస్తూ మరోసారి చూడాలి.

ఇంటికొచ్చాక ఫొటోలు దిద్దేటప్పుడు లోపలి నీడలన్నీ పైకి లాగేయకండి. బ్రిడ్జి లోపల చీకటిగానే ఉంటుంది, అది పోతే గోడౌనులా కనిపిస్తుంది. లోపలి చెక్క బయటి ఆకుల వెలుగుకి పచ్చగా మారి ఉంటే వైట్ బ్యాలెన్స్‌లో (ఫొటో మొత్తం రంగు ఛాయ) టింట్‌ని కాస్త మెజెంటా వైపు జరపండి, మొహాల రంగు సరిపోయే దగ్గర ఆపండి. ప్రతి ఫొటో ఫైలు పేరులో బ్రిడ్జి పేరూ, ఆ మూడు భాగాల నంబరూ, తేదీ పెట్టండి. ఇంకో పదేళ్లకి ఆ బ్రిడ్జికి ఏదైనా దెబ్బ తగిలి మళ్లీ కట్టాల్సి వస్తే, ఏ దూలం ఎక్కడ ఉందో చూపించే ఫొటోలు వెతుక్కునేవాళ్లకి అలా పేరు రాసి ఉన్నవే పనికొస్తాయి.